ఏడు నలభైకి కాలు జారాలి

మా దీవిలో కొండ దాటాలంటే రెండు కాళ్లుంటే చాలని మొన్న జనవరి వరకు అందరం అనుకునేవాళ్లం. అది ఎంత పొరపాటో పగటి నడకల ప్రణాళికా కార్యాలయం వచ్చాక గాని మాకు తెలియలేదు.

దీవికి పడమటి వైపు మా ఊరు పాతరేవు. మా తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన వేటగాళ్ల ఇళ్లు ఒక నలభై ఉంటాయి. తూర్పు వైపు జెట్టీ, బజారు, మా తెలుగు మీడియం బడి. మధ్యలో కొండ. కొండ నిండా అడవి. అడవిలో ఐదు కిలోమీటర్ల కాలిబాట. నాన్న పడవ తెల్లవారకముందే వేటకు వెళ్లిపోతుంది కాబట్టి బడికి నేను ఆ బాట పట్టుకునే పోవాలి. ఆరో తరగతి నుంచి పోతున్నాను. ఇప్పుడు పదో తరగతి.

నా హాజరు నంబరు పదిహేడు. ఇంట్లో నేను బాగానే మాట్లాడతాను. బయట నలుగురు చేరితే మాత్రం గొంతు లోపలికి పోతుంది. మా దాలినాయుడు మాస్టారేమో పట్టీలోంచి తల ఎత్తకుండా హాజరు వేస్తారు. వినపడితే వచ్చినట్టు, వినపడకపోతే రానట్టు. మనిషి ఎదురుగా రెండో బల్ల మీద ఉన్నా సరే. జనవరి మొదటి సోమవారం ఆయన నన్ను పిలిచారు.

"పోలేశ్వరీ, లెక్క చూశాను. ఇంకో ఆరు రోజుల వరకూ మానొచ్చు. ఏడో రోజు మానేవంటే పరీక్ష రాయనివ్వరు. ఎందుకమ్మా బడికి రావు?"

నేను రోజూ వస్తున్నాను సార్ అన్నాను. అది కూడా వినపడలేదు.

అందుకని దారిలో సాధన చేస్తుండేదాన్ని. కొండ మీద ఒక పెద్ద పడాక్ చెట్టు ఉంది. నలుగురం చేతులు చాపినా చుట్టుకు అందదు. దాని ముందు నిలబడి 'ప్రెజెంట్ సార్' అని పదిసార్లు గట్టిగా అనేదాన్ని. పిట్టలు ఎగిరిపోయేంత గట్టిగా. ఆ చెట్టుకి నా గొంతు తెలిసినంతగా మా బడిలో ఎవరికీ తెలియదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా నాన్న దానయ్య సరంగు, అంటే పడవ నడిపించేవాడు. సరంగులకు ఒక పుస్తకం ఉంటుంది. ఏ గంటకు బయలుదేరారు, గాలి ఎటు, ఎక్కడ ఏం జరిగింది, అన్నీ నిమిషాలతో సహా రాస్తారు. నాకు పదేళ్లప్పుడు నాన్న అలాంటి పుస్తకం ఒకటి, ఒక పాత చేతి గడియారం ఇచ్చాడు. నా డైరీ అదే. నాన్న చెప్పిన నియమం ఒక్కటే. "జరిగిందే రాయాల అమ్మీ. రేపటి పేజీ ఇయ్యాల రాయకూడదు."

*

కార్యాలయం మంగళవారం దిగింది. దాంతో పాటు పది గుడారాలు, ఒక గోడ గడియారం, ఒక బోర్డు, పదకొండు రబ్బరు ముద్రలు దిగాయి. దీవులు చూడటానికి వచ్చేవాళ్లు ఈమధ్య సముద్రం చూసి విసిగిపోయారని, పొద్దున బయలుదేరి సాయంత్రంలోగా ముగిసే కొండ నడకలు కోరుతున్నారని పైవాళ్లకు ఎక్కడో తెలిసిందట. నడకలు ఉండాలంటే ప్రణాళిక ఉండాలి. ప్రణాళిక ఉండాలంటే కార్యాలయం ఉండాలి. ఆ లెక్కన బాట మొదట్లో అడ్డంగా ఒక వెదురు గడ కట్టి, పక్కన బల్ల వేసుకుని కూర్చున్నారు.

ప్రణాళికాధికారి పేరు నేమాని ఫాలాక్షరావు గారు. తెల్లటి కొత్త కాన్వాసు బూట్లు. మెడలో ఉప్పు సంచి, జలగలు పడతాయని. ఆయన కొండ ఎక్కలేదు. "కొండను సమగ్రంగా అధ్యయనం చేయవలెనన్న కొంత దూరము పాటించవలెను" అనేవారు. ఆయన గుమాస్తా ముంజేటి కైలాసం గారు. అన్ని పనులూ కైలాసం గారే చేస్తారు, అందుకని ఎప్పుడూ చెమటలు పట్టి ఉంటారు.

బుధవారం పొద్దున నేనూ, నన్ను సాగనంపడానికి మా మామ్మ గురమ్మా గడ దగ్గరికి వెళ్లేసరికి కైలాసం గారు లేచి నిలబడ్డారు.

"ఆగమ్మా. సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ నడుమ రెండు కిలోమీటర్లకు మించి నడిచే వ్యక్తి పగటి నడకరి. నీ ప్రణాళిక ఏది?"

"అది నడకరి కాదు బాబూ, బడికెల్తన్న గుంట" అంది మామ్మ.

"బడి రెండు కిలోమీటర్ల లోపల ఉందా?"

"నేదు."

"అయితే నడకరే. ఏ నిమిషానికి ఎక్కడ ఉంటుంది, అక్కడ ఏం చేస్తుంది, రాతపూర్వకంగా ఇవ్వాలి."

"నడవడానికి ప్లానేటి? ఒక కాలు ముందెడితే రెండోది దాని యెనకాల అదే వస్తాది!"

ఫాలాక్షరావు గారు బల్ల వెనక నుంచి నవ్వారు. "ముసలమ్మా, అదే మేము నివారించదలచిన పరిస్థితి." తరవాత నా వైపు తిరిగారు. "ఈ కొండ దాటుటకు ఎంత కాలము పట్టును? దారిలో ఏమేమి సంభవించును? శుక్రవారమునాటి పడవకు మేము నమూనా ప్రణాళిక పంపవలెను. చెప్పుము."

ఇద్దరు అధికారులు, నలుగురు కూలీలు, మామ్మ. మొత్తం ఏడుగురు. నా గొంతు లోపలికి పోయింది. ఆయన మళ్లీ అడిగారు. ఇంకేం చేయాలో తోచక సంచిలోంచి డైరీ తీసి, చేతికి వచ్చిన పేజీ తెరిచి చూపించాను. అది కిందటి జూన్ పంతొమ్మిది.

6.50 బయలుదేరాను. నైరుతి గాలి. చినుకులు.
7.05 అన్నం డబ్బా మరిచిపోయి వెనక్కి వెళ్లాను. మామ్మ తిట్టింది.
7.40 వాగు. మూడో రాయి మీద కాలు జారింది.
8.00 జలగ. కుడి మడమ.
8.25 పడాక్ చెట్టు. ప్రెజెంట్ సార్, పదిసార్లు.
9.10 బడి.
9.30 హాజరు. వినపడలేదు.

ఫాలాక్షరావు గారు రెండుసార్లు చదివారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కైలాసం! ఇరవై రెండేళ్ల నా సర్వీసులో ఇంత నిర్దిష్టమైన ప్రణాళిక చూడలేదయ్యా. జారవలసిన రాయి సంఖ్య సైతం ఉన్నది."

"సార్, ఇది జరిగిపోయిన రోజులా ఉందేమో..."

"తేదీ కొట్టివేయుము. ప్రణాళిక అగును."

డైరీని కార్యాలయ అవసరాల నిమిత్తం ఉంచుకుని నాకు రసీదు ఇచ్చారు. ప్రణాళిక పైనుంచి ఆమోదం పొందేవరకు బాట మూసేశారు. ఆ బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం నేను బడికి పోలేదు. నాలుగు రోజులు. ఇక మిగిలినవి రెండు.

*

ఆమోదం ఆదివారం వైర్‌లెస్‌లో వచ్చింది. 'నడకరి యొక్క ఆకలిని, అవమానమును, గాయమును సైతం ముందుగానే ఊహించి పొందుపరచిన ప్రణాళిక' అని పైవాళ్లు మెచ్చుకున్నారట. చివర ఎప్పటి వాక్యమే ఉంది: ఆమోదిత ప్రణాళిక నుండి విచలనము శిక్షార్హము.

ఆ వాక్యంతోనే అసలు పని మొదలైంది.

మొదట మామ్మ. 7.05కి నడకరులను మామ్మ తిట్టాలి. కార్యాలయం ఆమెను తాత్కాలిక మందలింపు సహాయకురాలిగా నియమించింది. కైలాసం గారు కాగితం, కలం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మామ్మ చేపలు ఎండబెట్టుకుంటోంది.

"అమ్మా, ఆ రోజు ఏమని తిట్టారో పాఠం కావాలి. రికార్డుకి."

"ఏటో తిట్టుంటాను. కోపం రాకుండా తిట్టెలాగొస్తాది బాబూ?"

"కోపం వచ్చినట్టు భావించుకోండి."

"రాలేదే."

"కాస్త ప్రయత్నించండి అమ్మా. పైవాళ్లకి పంపాలి."

మూడోసారి అడిగేసరికి మామ్మ చేతిలోని తాటాకు చీపురు కింద పడేసింది. "నీ జిమ్మడ! ఎండేసిన సేపలు కాకులెత్తుకుపోతంటే నీకు తిట్లు కావాలేటి? మెడ మీద తల అతుక్కునుంది కాబట్టి సరిపోనాది గానీ, నేకపోతే అదీ యెక్కడో మరిసిపోయి వొద్దువు! ఫో అవతలికి!"

"కొంచెం నెమ్మదిగా చెప్పండి. 'నీ జిమ్మడ' తరవాత?" అన్నారు కైలాసం గారు, రాసుకుంటూ.

అదే ఆమోదిత పాఠం అయింది. సోమవారం పొద్దున, ముందు రోజు పడవలో దిగిన మొదటి జట్టు నడకరులు పద్నాలుగు మంది ఆరు యాభైకి గుడారాల నుంచి బయలుదేరి, అన్నం డబ్బాలు కావాలని గుడారాల్లో వదిలేసి, ఏడూ ఐదుకి వెనక్కి వచ్చారు. మామ్మ ఒక్కొక్కరినీ కాకులెత్తుకుపోయే చేపల గురించి తిట్టింది. వాళ్లలో ఒక బ్యాంకు మేనేజరు గారు రిటైరై రెండేళ్లయిందట. "ఇంత ఆప్యాయంగా నన్నెవరూ తిట్టలేదు" అని మామ్మ కాళ్లకు దండం పెట్టారు. ఆయన భార్య మాత్రం రోజూ నేను తిడుతున్నది ఏమిటి మరి అని అడిగింది.

తరవాత చినుకులు. ప్రణాళికలో చినుకులు ఉన్నాయి. జనవరిలో మా దీవికి వాన ఉండదు. కైలాసం గారు పూల మొక్కలకు నీళ్లు చల్లే డబ్బా పట్టుకుని నడకరుల ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ చల్లారు. నైరుతి గాలి కూడా ఉండదు. ఈశాన్యం నుంచి వీస్తున్నది నైరుతి గాలే అని ఫాలాక్షరావు గారు ధ్రువపత్రం ఇచ్చారు.

జలగలు కూడా ఎండు రోజుల్లో కనపడవు. కార్యాలయం దగ్గర సీసాలో ఒకటి ఉండేది. పద్నాలుగు కుడి మడమలకూ అదే ఒక్కటి. అయిదో మనిషి దగ్గరకు వచ్చేసరికి దాని కడుపు నిండిపోయి ఇంక పట్టనని మొండికేసింది. కైలాసం గారు దానికి కూడా మెమో రాయాలా అని అడగడానికి కొండ దిగి వచ్చి, మళ్లీ ఎక్కారు.

ఇవన్నీ నాకు నవ్వు తెప్పించేవే. చెట్టు దగ్గరికి వచ్చేసరికి నవ్వు రాలేదు.

ఎనిమిది ఇరవై అయిదుకి పద్నాలుగు మంది పడాక్ చెట్టు ముందు వరసగా నిలబడి "ప్రెజెంట్ సార్!" అని అరిచారు. పదిసార్లు. రెండో రోజుకి అక్కడ ఒక బోర్డు కూడా లేచింది. 'వృక్షరాజమునకు హాజరు పలుకుట ఈ దీవివాసుల ప్రాచీన ఆచారము. చెప్పులు విడిచి పలుకవలెను.' కొత్తగా పెళ్లయిన జంట ఒకటి చెట్టుకు పసుపు దారం కట్టింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నేను వరస చివర నిలబడి ఉన్నాను. నాకు ఊపిరి తీసుకోవడానికి కూడా సిగ్గేసింది. నా ఒక్క చెట్టునీ నలుగురిలో పెట్టేశారు.

*

నడక నాకూ వర్తిస్తుంది కదా. ఆ సోమవారం నేను డబ్బా మరిచిపోయాను, తిట్లు తిన్నాను, చినుకుల్లో తడిశాను. ఏడు నలభైకి వాగు దగ్గర మూడో రాయి మీద కాలు పెట్టాను. ఎండల్లో రాయి పొడిగా ఉంది. పైగా ఐదేళ్లుగా ఆ రాయి మీద నడుస్తున్న కాలు. జారలేదు.

చెట్టు దాటి దిగువకు వెళ్లబోతుంటే కైలాసం గారు నన్ను ఆపి, వెనక్కి గడ దగ్గరికి తీసుకొచ్చారు. ఫాలాక్షరావు గారు మెమో చదివి వినిపించారు.

"విషయము: కాలు జారకపోవుట గురించి. పైన పేర్కొనబడిన నడకరి ది. పదమూడున ఉదయం గం. 7.40 లకు మూడవ రాయిపై పాదము మోపియు, ఎట్టి కారణము చూపకుండ జారక ముందుకు సాగినట్లు మా దృష్టికి వచ్చినది. ఇందుకు నీ సంజాయిషీ ఏమి?"

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

"నిరుత్తరురాలు" అని రాసుకున్నారు. "ఇది నీవు స్వయముగా రచించిన ప్రణాళిక. నీవే పాటించకున్న ప్రజలకు ఏమి సందేశము పోవును?"

ఆ రోజూ బడి పోయింది. మిగిలింది ఒకటి.

మర్నాడు జారి తీరాలని నిశ్చయించుకుని వెళ్లాను. ముందు రోజు చాలామంది సరిగ్గా జారలేదని, ఒకాయన రెండో రాయి మీదే జారిపోయాడని, కార్యాలయం మూడో రాయికి పాచి పెంచడం మొదలుపెట్టింది. కైలాసం గారు పూటకు మూడుసార్లు తడుపుతున్నారు. ఇబ్బంది ఏమిటంటే రాయి ఒకటి, జారవలసిన వాళ్లం పదిహేను మందిమి, జారవలసిన నిమిషం ఒకటే.

కైలాసం గారు అడిగిన మాటను కూలీలు కేక మీద కేకగా కిందికి అందించారు. "సార్, మొదటివారు జారి లేచేసరికి ఏడు నలభై ఐదవుతోంది. తక్కినవారు విచలనమేనా?"

కింద గడ దగ్గరి నుంచి జవాబు వచ్చింది. "గడియారమును ఆపుము!"

గోడ గడియారాన్ని అప్పటికే వాగు ఒడ్డుకు మోయించి ఉంచారు. కైలాసం గారు ముల్లు మీద వేలు పెట్టి పట్టుకున్నారు. అందరూ జారేవరకు మా దీవిలో ఏడు నలభయ్యే. ఒక్కొక్కరూ జారడం, లేవడం, జారినట్టు సంతకం పెట్టడం. స్థానికులు వరస చివర నిలబడాలి కాబట్టి నేను పదిహేనో దాన్ని. నా చేతి గడియారంలో ఎనిమిది యాభై అయింది. నేను ఎంత బాగా జారానంటే మోచేయి కొట్టుకుపోయింది. "చక్కగా జారితివమ్మా" అన్నారు కైలాసం గారు మెచ్చుకుంటూ. పాపం ఆయన వేలు బిగుసుకుపోయి ఉంది.

కార్యాలయం గడియారం ప్రకారం మేం తొమ్మిదీ పదికి బడికి చేరాం. బడి గడియారంలో పది ఇరవై అయిదు. లెక్కల పాఠం నడుస్తోంది. ప్రణాళికలో '9.10 బడి' అని ఉంది కాబట్టి పద్నాలుగు మందీ చెప్పులు విడిచి లోపలికి వచ్చి వెనక బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఎవరు మీరు?"

వాళ్లు చేతి గడియారాలు చూసుకుంటున్నారు. కార్యాలయం లెక్కకు తొమ్మిదిన్నర అయ్యేవరకు అలాగే ఉండి, అప్పుడు అందరూ ఒక్కసారి పెదవులు కదిపారు. వినపడకుండా. ప్రణాళికలో ఉన్నది అంతే కదా.

"గట్టిగా చెప్పండి!" అన్నారు మాస్టారు.

బ్యాంకు మేనేజరు గారు తల అడ్డంగా ఊపి, మళ్లీ పెదవులు మాత్రమే కదిపారు.

"ఈ దీవిలో అందరికీ ఇదే రోగమా!" అని మాస్టారు సుద్దముక్క విసిరేశారు. అప్పుడు నన్ను చూశారు. "పోలేశ్వరీ, హాజరు ఎప్పుడో అయిపోయింది. ఇవాళా సున్నాయే. ఆరూ అయిపోయాయి. రేపు నీ పేరు పిలిచినప్పుడు నాకు వినపడాలి. వినపడకపోతే నేనేం చెయ్యలేనమ్మా."

*

ఆ సాయంత్రం నేను ఇంటికి వస్తుంటే ఫాలాక్షరావు గారే గడ దాటి నాలుగడుగులు నా ఎదురు వచ్చారు. చేతిలో నా డైరీ.

"అమ్మాయీ, నమూనా ఒకటికి పైస్థాయిలో విశేషమైన ఆదరణ లభించినది. నమూనా రెండు రేపటి నుండియే అమలు పరచవలెనని ఆదేశము. నీవు ఇందుండి మంచి దినమొకటి ఎంచి, అందు తేదీ లేకుండ, పొద్దు గ్రుంకులోగా ఇవ్వవలెను."

వారం తరవాత పుస్తకం నా చేతికొచ్చింది. మా ఇంటి ముందు బోర్లా వేసిన పడవ మీద కూర్చుని పేజీలు తిప్పాను. ఏ రోజు ఎంచినా ఏదో ఒకటి ఉంది. ఒక రోజు పడ్డాను. ఒక రోజు ఏడ్చాను. ఒక రోజు తేనెటీగలు తరిమాయి. ఏ పేజీ చూసినా చెట్టు ఉంది, చివర 'వినపడలేదు' ఉంది. వీటిలో ఏది ఇచ్చినా రేపు పద్నాలుగు మంది దాన్ని చేస్తారు, నేను పదిహేనోదాన్ని అవుతాను.

నాన్న పక్కన కూర్చుని వల కుట్టుకుంటున్నాడు.

"నాన్నా, రేపటి పేజీ ఇవాళ రాస్తే ఏమవుతుంది?"

"సముద్రం సదువుతాది అమ్మీ. సదివి, దానికి యెదురు సేస్తాది."

"కొండయితే?"

నాన్న సూది ఆపి ఆలోచించాడు. "కొండకి సదువు రాదు."

"ఆఫీసుకో?"

"ఆఫీసుకి వొచ్చు" అన్నాడు నాన్న. "గానీ సదవదు."

నేను కొత్త పేజీ తీశాను. నాన్న నియమం నేను అంతవరకు ఎప్పుడూ తప్పలేదు. ఒక్కొక్క వరసా రాస్తూ పోయాను. చివరి వరస దగ్గర కలం ఆగిపోయింది. అది మాత్రం రాయలేకపోయాను. గంట వేసి, ఒక మాట రాసి, తక్కినది ఖాళీగా వదిలేశాను.

ఇంకా వెలుతురు ఉండగానే తీసుకెళ్లి ఇచ్చాను. ఫాలాక్షరావు గారు మొదటి వరస చూశారు. నిమిషాలు ఉన్నాయా లేదా చూశారు. "మొదటి నమూనా రచయిత్రివి. ఇక పరిశీలన దేనికి?" అని పేజీ కింద ఆమోదం ముద్ర వేసి, సంతకం పెట్టి, అందింది, అమలు పరచబడును అని వైర్‌లెస్‌లో పైకి చెప్పించారు.

*

బుధవారం పొద్దున ఆరు నలభైకి కైలాసం గారు అమలుకోసం పేజీ తెరిచారు. ఆయన పెదవులు కదిలాయి. మళ్లీ మొదటికి వెళ్లారు. తరవాత గుడారం వైపు చూసి, "సార్" అన్నారు, చాలా చిన్నగా.

ఫాలాక్షరావు గారు పళ్లు తోముకుంటూ వచ్చారు. "చదువుము."

"ఆరు యాభై. బయలుదేరాను. ఈశాన్య గాలి. ఎండ."

"బాగున్నది. నీళ్ల డబ్బా అవసరము లేదు."

"ఏడూ ఐదు. అన్నం డబ్బా మరిచిపోలేదు. ఏడూ పది. గేటు లేదు. కైలాసం గారు వెదురు గడ మామ్మకి ఇచ్చేశారు, చేపలు ఆరేసుకోవడానికి."

ఫాలాక్షరావు గారు నోట్లోని బ్రష్షు ఆపారు.

"ఏడు నలభై. వాగు. ఎవరూ జారలేదు. ఎనిమిదిన్నర లోపల ఫాలాక్షరావు గారు నడిచి కొండ దాటారు. తొమ్మిదీ పదిహేను. కార్యాలయం మొత్తం జెట్టీ దగ్గర పడవెక్కింది. బోర్డులు, గడియారం, ముద్రలు, జలగ. మళ్లీ రాలేదు."

తరవాత దాన్ని బయటికి తీశారు.

"ఈ ప్రణాళికను రద్దు చేయుము."

"తమరి సంతకం ఉంది సార్. పైకి కూడా చెప్పేశాం. ఇప్పుడు మనం ఇక్కడే ఉంటే..." కైలాసం గారు పేజీ మూశారు. "విచలనం."

ఆ మాట వినగానే ఫాలాక్షరావు గారి ముఖం తెల్లబడింది. ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క విచలనమూ చేయలేదట. వెంటనే ఉప్పు సంచి మెడలో వేసుకున్నారు. కైలాసం గారు గడ విప్పి మామ్మ భుజాన పెట్టారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎల్లిపోతన్నారేటి బాబూ?" అంది మామ్మ. "ఇయ్యాల నిజంగానే కోపమొచ్చింది. తిడదామంటే నడకరోల్లే నేరు!"

"నన్ను తిట్టండమ్మా. వెళ్లేముందు ఒక్కసారి" అన్నారు కైలాసం గారు.

మామ్మ తిట్టింది. ఆమోదిత పాఠం కాదు, కొత్తది. ఆయన కళ్లు తుడుచుకుని పెట్టెలు సర్దుకోవడానికి పోయారు.

నడకరుల గురించి ఆ పేజీలో ఏమీ లేదు. వాళ్లకు ఏం చేయాలో తోచక కాసేపు నిలబడి, తరవాత ఇష్టం వచ్చినట్టు కొండ ఎక్కిపోయారు. పైన పిట్టలున్నాయని వాళ్లకు ఆ రోజే తెలిసిందట.

నేను ఫాలాక్షరావు గారి వెనకే నడిచాను. వాగు దగ్గర ఆయన ఏడు నలభైకి మూడో రాయి మీద కాలు పెట్టారు. కైలాసం గారు సోమవారం నుంచి తడిపి తడిపి పెంచిన పాచి. ఆయన జారారు. బూట్లతో సహా నీళ్లలో కూర్చుని, నా వైపు చూశారు. నేను చూడనట్టు అటు తిరిగాను. కానీ ఆయన నిజాయతీ గల మనిషి. ఒడ్డున కూర్చుని, తడిసిన కాగితం మీద, 'ఎవరూ జారలేదు' అని ఉండగా జారినందుకు తనకు తానే మెమో రాసుకున్నారు. సంజాయిషీ కూడా అక్కడే రాసి, సంతృప్తికరంగా లేదని తిరస్కరించారు.

పడాక్ చెట్టు దగ్గర ఆయన ఆగారు. ఆయనకు ఆ చెట్టు కాగితం మీదే తెలుసు. తల వెనక్కి వంచి పైదాకా చూశారు. చాలాసేపు చూశారు. నోరు కొంచెం తెరిచారు. తరవాత ప్రణాళికలో తన పేరు మీద చెట్టు లేదని గుర్తొచ్చినట్టుంది. నోరు మూసుకుని దిగువకు నడిచారు.

నేను కూడా ఆ రోజు చెట్టు దగ్గర ఆగలేదు. ఆగితే ఆలస్యం అవుతుంది.

తొమ్మిదీ పదిహేనుకి కూలీలు మోసుకొచ్చిన పెట్టెలు, బోర్డులు, గడియారం అన్నీ జెట్టీ దగ్గర పడవలోకి చేరాయి. కైలాసం గారు సీసాలోని జలగను ఒడిలో పెట్టుకున్నారు. పడవ కదలబోతుండగా నా డైరీ నా చేతికిచ్చి, చివరి వరస మీద వేలు పెట్టారు.

"తొమ్మిదిన్నర. హాజరు అని ఉంది. ఎదురుగా ఏమీ లేదేమమ్మా? అక్కడ ఏం చెయ్యాలి?"

నాకూ అదే తెలియదు.

పడవ వెళ్లిపోయింది. ఇక ఏడు నలభైకి ఏం చేసినా అడిగేవాళ్లు లేరు. తొమ్మిదిన్నరకి ఏం చేసినా అడిగేవాళ్లు లేరు, ఒక్క మాస్టారు తప్ప. నేను బడికి పరుగెత్తాను.

నేను కూర్చునేసరికి హాజరు మొదలైంది. మాస్టారు తల పట్టీలోనే ఉంది. పద్నాలుగు. పదిహేను. పదహారు, తామాడ రాజారావు, 'ప్రెజెంట్ సార్' అన్నాడు నా వెనక నుంచి, నిద్రమొహంతో.

"పదిహేడు."

గొంతు లోపలికి పోతోంది. దాని వెంటే నేనూ లోపలికి పోయాను. అక్కడ వాగు ఉంది, నీళ్లలో కూర్చుని తనకు తానే మెమో రాసుకుంటున్న పెద్దమనిషి ఉన్నాడు. ఆయన అంత తడిసీ భయపడకుండా అంత పని చేశాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక నోరు తెరిచాను.

"ప్రెజెంట్ సార్!"

కిటికీ మీది పావురం ఎగిరిపోయింది. రాజారావు నిద్ర వదిలిపోయింది. మాస్టారి కలం ఆగింది. ఐదేళ్లలో మొదటిసారి ఆయన పట్టీలోంచి తల ఎత్తారు.

"ఎవరది?"

"నేనే సార్. పదిహేడు. మైలపల్లి పోలేశ్వరి."

"ఉన్నావా!" అన్నారు మాస్టారు, నేను అప్పుడే ఆ బడిలో పుట్టినట్టు. పట్టీలో గీత గీశారు. "అంత గట్టిగా అక్కర్లేదమ్మా. నాకు చెవుడు లేదు."

కూర్చుని డైరీ తీశాను. ఆ పేజీ అంతా ముందురోజు రాసినదే, కింద ముద్ర, సంతకంతో సహా. చివరి వరసలో ఖాళీ ఉంది. అందులో రాశాను.

9.30 హాజరు. వినపడింది.

ఈ ఒక్క మాట మాత్రం, నాన్న చెప్పినట్టు, జరిగాకే రాశాను.